అక్షరానికి పెట్టిన టోపీ

నేను పనిచేసిన ఒక తెలుగు పత్రికలో రంజాన్ నెల వచ్చిందంటే ఒక పేజీ నా నెత్తిన పడేది. హలీం, అత్తర్లు, లాడ్ బజార్ గాజులు, సేమ్యా. ఏటా అవే. ‘మీవాళ్ల పండుగ, మీరే రాయాలి భాయ్’ అనేవారు. రాసేవాణ్ణి. 2006లో అట్లాగే పేజీ రాసిచ్చాను. సాయంత్రానికి ప్రూఫ్ చేతికొచ్చింది. శీర్షిక దగ్గర ఆగిపోయాను.

తెలుగు అక్షరాలే. కానీ ప్రతి తలకట్టూ కత్తిమొనలా పైకి లేచి ఉంది. సున్నాను కోసి నెలవంక చేశారు. దీర్ఘం తోకను కిందికి ఈడ్చి కొక్కెంలా వంచారు. ఏ అక్షరానికీ సంబంధం లేని చుక్కలు రెండేసి, మూడేసి చొప్పున పైన చల్లారు. మా ఆర్టిస్టు దగ్గరికి వెళ్లి ‘ఇదేం రాతండీ?’ అని అడిగాను. ఆయన మంచి మనిషి. నా టిఫిన్ డబ్బాలో చేయి పెట్టే చనువున్నవాడు. ‘ఉర్దూ లుక్ భాయ్! చూడగానే మీదని తెలియాలి కదా’ అన్నాడు. ఉర్దూలో ఏ అక్షరం ఇట్లా ఉంటుందో చూపించమన్నాను. నవ్వి ఊరుకున్నాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. పండుగ పేజీకి పంచాయితీ ఎందుకు?

మరుసటి ఏడాది మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. తర్వాత వారాల తరబడి పాతబస్తీ కుర్రాళ్లను పోలీసులు పట్టుకుపోయారు. ఆ వార్తల పేజీ ఒకటి నా బల్ల మీదికొచ్చింది. పైన అదే అక్షరం. అదే కత్తి, అదే నెలవంక, అవే చుక్కలు. హలీంకు వాడిన ఫైలే తీసి వాడారు. కింద వార్తలో ‘అనుమానితులు’ అని జాగ్రత్తగానే రాశారు. పైన అక్షరం మాత్రం తీర్పు చెప్పేసింది. ఆ కుర్రాళ్లలో చాలామందిని తర్వాత కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. అక్షరాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

అప్పటినుంచి నాకొక పిచ్చి పట్టుకుంది. ఇట్లాంటి అక్షరాలు ఎక్కడ పుడతాయి? ఎవరిని చూసి, ఏది చూసి గీస్తారు?

అచ్చులో అక్షరాలు రెండు రకాలు. చదివించే అక్షరం ఒకటి, పిలిచే అక్షరం ఒకటి. మొదటిది కంటికి కనబడకుండా పని చేసుకుపోతుంది. రెండోది సంతలో గొంతెత్తి అరిచే మనిషి లాంటిది. శీర్షికలు, పోస్టర్లు, దుకాణం బోర్డులు, సినిమా పేర్లు దాని బతుకు. తెలుగులో శీర్షిక అంటే తల. ఉర్దూ పత్రికల్లో దాన్ని ‘సుర్ఖీ’ అంటారు. సుర్ఖ్ అంటే ఎరుపు. పాత రాతప్రతుల్లో తలకట్టు మాటలను ఎర్ర సిరాతో రాసేవారు, పేరు అక్కడినుంచి వచ్చింది. కాతిబ్‌లు, అంటే పత్రికలకు చేతిరాత రాసే ఖుష్‌నవీసులు, లావు కలంతో రాసే పెద్ద రాతను ‘జలీ’ అనీ, సన్న కలం రాతను ‘ఖఫీ’ అనీ అంటారు. కలం మారుతుంది, కొలత మారదు. జలీలో రాసినా అలిఫ్ అలిఫ్‌లాగే ఉండాలి.

యూరప్‌లో ఈ పిలిచే అక్షరాల బజారు మొదలైంది 19వ శతాబ్దం తొలి ఏళ్లలో, లండన్‌లో. లాటరీ టికెట్లు, నాటకాల కాగితాలు, మందుల ప్రకటనలు గోడలెక్కిన కాలమది. పుస్తకాల అక్షరం గోడ మీద సన్నగా పీలగా కనిపించింది. దాన్ని లావు చేశారు, కాళ్లకు దిమ్మెలు తగిలించారు, నీడలు కట్టారు. అమెరికాలో 1827లో కొయ్య అక్షరాలను మరమీద చెక్కడం వచ్చాక ఇంటి తలుపంత అక్షరమైనా చౌకగా దొరికింది. ఈ కొత్త సరుకుకు పేర్లు కావాలి. నెపోలియన్ 1798లో ఈజిప్టు మీదికి దండెత్తిన తర్వాత యూరప్‌కు ఈజిప్టు పిచ్చి పట్టింది. కుర్చీలకు, గుమ్మాలకు, ఆడవాళ్ల నగలకు అన్నిటికీ అదే పేరు. దిమ్మెకాళ్ల అక్షరానికి కూడా ‘ఈజిప్షియన్’ అన్నారు. తమాషా ఏమిటంటే 1816లో కాస్లన్ అనే టైపుల తయారీదారు అసలు కాళ్లే లేని అక్షరం పోతపోసి దానికీ ఈజిప్షియన్ అనే పేరు పెట్టాడు. కాళ్లున్నదీ ఈజిప్టే, లేనిదీ ఈజిప్టే! నైలు నది ఒడ్డున అట్లాంటి అక్షరం ఎవరూ రాసిన పాపాన పోలేదు. అక్షరం లండన్‌ది, పేరు మాత్రం ఈజిప్టుది.

పేరు వరకైతే సరదా. రూపం మీదికి వచ్చినప్పుడే కథ మారుతుంది.

అమెరికాలో క్లీవ్‌లాండ్ టైప్ ఫౌండ్రీ 1883లో ‘చైనీస్’ అనే టైపు తెచ్చింది. తర్వాత రోజుల్లో దాన్ని ‘మాండరిన్’ అన్నారు. ఇంగ్లీషు అక్షరాలనే కుంచె దెబ్బల్లా, ఒకచోట లావుగా మొదలై ఒకచోట మొనదేలేట్టు ముక్కలు ముక్కలుగా పేర్చారు. చైనా రాతలో కుంచె దెబ్బలుంటాయి, నిజమే. కానీ వాటికొక వరస ఉంది, బరువుంది, ఎక్కడ ఆగాలో ఎక్కడ జారాలో ఒక సాధన ఉంది. అవేవీ ఇందులో లేవు. దెబ్బ మాత్రం ఉంది. ఆ ముందు ఏడాదే, 1882లో, చైనా కూలీలు అమెరికాలో అడుగుపెట్టకూడదని చట్టం చేశారు. మనిషికి తలుపు మూసిన ఏడాదికి అతని పేరిట అక్షరాన్ని అమ్మకానికి పెట్టారు. టైపు గీసినవాడికి ఆ చట్టంతో పని ఉందని నేననను. గాలి మాత్రం అదే గాలి.

ఇందులో నన్ను కలవరపెట్టింది వేరే సంగతి. 1906లో భూకంపం వచ్చి శాన్‌ఫ్రాన్సిస్కో తగలబడ్డాక చైనా పేటను ఊరవతలికి తరిమేయాలని పెద్దలు ఆలోచించారు. అక్కడి చైనా వర్తకులు ఒక ఎత్తు వేశారు. తెల్ల ఇంజనీర్లను పెట్టుకుని పగోడా కప్పులతో పేట కట్టించుకున్నారు. చైనాలో ఎవరూ అట్లాంటి ఇంట్లో ఉండరు. చూడవచ్చే తెల్లవాళ్లకు ‘చైనా’ కనబడాలి, బేరం జరగాలి, ఊళ్లో చోటు నిలవాలి. తర్వాత హోటళ్ల బోర్డుల మీదికి ఆ కుంచె దెబ్బల అక్షరం ఎక్కింది. ఎక్కించింది వాళ్లే. బయటివాడు కుట్టిన టోపీని బతకడానికి వాళ్లే పెట్టుకున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

తెలుగువాళ్లకు ఇది పరాయి కథ అనిపించవచ్చు. విదేశాల్లో ఇండియన్ హోటల్ బోర్డు ఎప్పుడైనా చూశారా? ఇంగ్లీషు అక్షరాలకు హిందీలో లాగా పైన అడ్డగీత కట్టి రాస్తారు. 1990ల తొలినాళ్లలో అట్లాంటి కంప్యూటర్ ఫాంట్ ఒకటి వచ్చింది, పేరు ‘సమర్కాన్’. ఇండియా వేషానికి మధ్య ఆసియాలోని సమర్‌ఖండ్‌ను తలపించే పేరు! తెలుగుకు తలగీత లేదు. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుంది కనక మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయని చిన్నప్పటినుంచీ చెప్పుకుంటాం. అయినా అమెరికాలో గోంగూర వడ్డించే తెలుగువాడి హోటలుక్కూడా ఆ తలగీతే తొడుగుతారు. అది చూసి ‘మన తెలుగు ఇట్లా ఉండదే’ అని చివుక్కుమనేవాళ్లకు నా 2006 నాటి ప్రూఫ్ చూపించాలని ఉంటుంది.

గీసినవాడి మనసులో ఉన్నది ఒకటి, లోకం తొడిగించేది ఒకటి కావడం కూడా ఉంది. జర్మనీలో రుడాల్ఫ్ కోఖ్ అనే ఆయన 1923లో ‘నాయ్‌లాండ్’ అనే టైపు చేశాడు. భక్తిగల క్రైస్తవుడు. కాగితం మీద గీయకుండా లోహం మీదనే నేరుగా చెక్కుకుంటూ పోయాడు. అందుకే అంచులు మొరటుగా, చెక్కలో కోసినట్టుంటాయి. పాత జర్మన్ రాతలోని బరువును కొత్త రూపంలో తేవాలన్నది ఆయన తపన. సముద్రం దాటేసరికి ఆ మొరటుతనానికి వేరే అర్థం పుట్టింది. అడవి, ఆఫ్రికా, నల్లవాళ్లు, క్రూరమృగాలు, వీటన్నిటికీ అదే అక్షరం. 1993లో వచ్చిన ‘జురాసిక్ పార్క్’ సినిమా పేరు చూసినవాళ్లందరూ ఆ అక్షరాన్ని చూసినట్టే. జర్మన్ క్రైస్తవుడి చెక్కడం రాక్షస బల్లులకూ ఆఫ్రికా కథలకూ ఒకటే గుర్తు ఎట్లా అయిందో ఆలోచించండి. గీసినవాణ్ణి ఎవరూ అడగలేదు. ఆఫ్రికావాళ్లను అసలే అడగలేదు.

అదే జర్మనీలో ఇంకా వింత జరిగింది. 16వ శతాబ్దం నుంచి జర్మన్లు తమ పుస్తకాలు అచ్చేసుకున్నది విరుపుల అక్షరంలో, ఫ్రాక్టూర్ అంటారు. నాజీలు వచ్చిన కొత్తలో అదే అసలైన జర్మన్ అక్షరమని ఊరేగించారు. దాని ఒంపులన్నీ తీసేసి బూటు చప్పుడులా నిటారుగా ఉండే కొత్త శీర్షికల టైపులు ఆ ఏళ్లలోనే పుట్టాయి. ‘టానెన్‌బర్గ్’ అందులో ఒకటి, అది ఒక యుద్ధభూమి పేరు. ఇక 1941 జనవరి 3న పార్టీ ఆఫీసు నుంచి బోర్మన్ సంతకంతో ఒక ఉత్తర్వు వచ్చింది. ఆ అక్షరం జర్మన్‌ది కాదట, యూదుల అక్షరమట, ఇకమీదట వాడకూడదట. ఆ ఉత్తర్వు కాగితం పైన పార్టీ పేరు అచ్చయి ఉన్నది ఆ విరుపుల అక్షరంలోనే! నాలుగు వందల ఏళ్లు తాతముత్తాతలు చదువుకున్న అక్షరానికి ఒక్క పూటలో మతం మార్చారు. అధికారంలో ఉన్నవాడికి చరిత్ర అక్కర్లేదు, టైపు చేసిన ఒక్క కాగితం చాలు.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

మా చిచ్చా కాతిబ్. పాతబస్తీలో ఒక ఉర్దూ పత్రికలో సుర్ఖీలు రాసేవాడు. స్కూలు వదలగానే నేను ఆయన పక్కన చేరేవాణ్ణి. వెదురు కలాన్ని చాకుతో ఏటవాలుగా కోసి, మొనను ఎముక పలక మీద పెట్టి ఒక్క దెబ్బతో ‘ఖత్’ కొట్టేవాడు. టక్కుమనే చప్పుడు సరిగా రాకపోతే మళ్లీ కోసేవాడు. ‘చప్పుడు విను బేటా, కలం అక్కడే చెప్పేస్తుంది’ అనేవాడు. ఆ మొనను కాగితం మీద ఒక్కసారి నొక్కితే పలక ఆకారంలో చుక్క పడుతుంది. అదే నుఖ్తా. అదే కొలబద్ద. అలిఫ్ ఇన్ని చుక్కల ఎత్తు, బే ఇన్ని చుక్కల పొడుగు, నూన్ కడుపు ఇన్ని చుక్కల లోతు. చుక్కలు అలంకారానికి చల్లేవి కావు. మా ఆర్టిస్టు తెలుగు అక్షరాల మీద చల్లిన చుక్కలు చూసినప్పుడు నాకెందుకు ఒళ్లు మండిందో ఇప్పుడు తెలిసిందా? ఒకరి తూనికరాళ్లను తీసుకెళ్లి ఇంకొకరు తోరణం కట్టినట్టుంది.

ఈ చుక్కల లెక్కను 10వ శతాబ్దంలో బాగ్దాద్ వజీరు ఇబ్న్ ముఖ్లా స్థిరపరిచాడని చెబుతారు. రాజకీయాల్లో ఇరుక్కుని మూడుసార్లు వజీరయ్యాడు, చివరకు కుడిచేయి నరికించుకున్నాడు. మోచేతికి కలం కట్టుకుని రాశాడని కథ. మేం చదివే నస్తాలీఖ్‌కు ఇంకో కథ ఉంది. 14వ శతాబ్దం చివరి రోజుల్లో మీర్ అలీ తబ్రీజీకి కొత్త రాత కోసం తపిస్తుండగా కల వచ్చిందట. హజ్రత్ అలీ కనిపించి, ఎగిరే బాతుల రెక్కలు చూడమన్నారట. నస్తాలీఖ్‌లో రాసిన మాట ఏదైనా చూడండి. కుడివైపు పైన మొదలై ఎడమకు కిందికి జారుతూ వాలుతుంది, చెరువు మీద దిగే పక్షిలా. కథ నిజమో కాదో నాకు పట్టింపు లేదు. ఒక జాతి తన అక్షరానికి ఏ పోలిక చెప్పుకుందో చూడమంటున్నాను. కత్తి కాదు. రెక్క.

ఆ వాలే టైపు పోతపోసేవాళ్లకు గండమైంది. సీసపు అక్షరం ఒక గీత మీద వరసగా నిలబడాలి. నస్తాలీఖ్‌లో ఒక్క ‘బే’ పక్కన ఏ అక్షరం వస్తుందో దాన్నిబట్టి రూపం మార్చుకుంటుంది, ఎత్తు మార్చుకుంటుంది. 18వ శతాబ్దం చివర కలకత్తాలో చార్లెస్ విల్కిన్స్ ఫార్సీ టైపు పోశాడు, 1800లో పెట్టిన ఫోర్ట్ విలియం కాలేజీ ఉర్దూ పుస్తకాలను టైపులోనే అచ్చేసింది. జనం మెచ్చలేదు. ఈలోగా బవేరియాలో సెనెఫెల్డర్ అనే ఆయన రాతి అచ్చు కనిపెట్టాడు. కాతిబ్ జిడ్డుసిరాతో రాసింది రాయి మీదికి దిగుతుంది, రాయి నుంచి కాగితం మీదికి. 1858లో లక్నోలో మొదలైన నవల్ కిశోర్ ప్రెస్ దానితోనే ఉర్దూ, ఫార్సీ, అరబీ, సంస్కృత పుస్తకాలను దేశమంతా పంచింది. పెట్టినవారు మున్షీ నవల్ కిశోర్. ఖురాన్ కూడా ఆయన ప్రెస్సులో అచ్చయింది. ఉర్దూ అక్షరాన్ని ముస్లిం టోపీగా మార్చి గోడకు తగిలించేవాళ్లు ఆ పేరు ఒకసారి పైకి చదివితే బాగుండును.

అట్లా అచ్చుయంత్రం వచ్చిన తర్వాత కూడా దాదాపు నూట యాభై ఏళ్లు ఉర్దూ పత్రిక అంటే మనిషి చేతిరాత. మద్రాసులో 1927లో మొదలైన ‘ముసల్మాన్’ కంప్యూటర్లొచ్చాక కూడా ఏళ్ల తరబడి చేతిరాతతోనే వెలువడింది.

మా చిచ్చా చేతిలో కలం జారింది 1990ల నడుమ. కరాచీలో మిర్జా అహ్మద్ జమీల్ అనే ఖుష్‌నవీసు పదివేలకు మించిన అక్షరాల జోడింపులను ఒక్కొక్కటే చేత్తో రాసి, మోనోటైప్ కంపెనీతో కలిసి కంప్యూటర్‌కు ఎక్కించాడు. ఖుష్‌నవీసైన తండ్రి నూర్ అహ్మద్ పేరు మీద దానికి ‘నూరీ నస్తాలీఖ్’ అని పేరు పెట్టుకున్నాడు. 1981లో లాహోర్ ‘జంగ్’ ఆ అక్షరంతో వచ్చింది. 1994లో మన ఢిల్లీలో తయారైన ‘ఇన్‌పేజ్’ దాన్ని ప్రతి గల్లీలోకి తెచ్చింది. పదిమంది కాతిబ్‌లు కూర్చునే చాప మీద ఒక కంప్యూటర్, ఒక కుర్రాడు. చిచ్చాను ఆఫీసువాళ్లు పొమ్మనలేదు, రమ్మనడం మానేశారు. కొన్నాళ్లు సుర్ఖీలు మాత్రం రాశాడు, పెద్ద అక్షరం కంప్యూటర్‌లో కుదిరేది కాదు కనక. తర్వాత అదీ పోయింది. పెళ్లి కార్డులు, సమాధి రాళ్లు, మదర్సా సర్టిఫికెట్లు రాస్తూ ఇల్లు నడిపాడు. నూరీ మీద ఆయనకు కోపం లేదు. ‘రాసినవాడు ఉస్తాద్, ఒప్పుకోవాలి. కానీ అందరూ ఒకే ఉస్తాద్ చేత్తో రాస్తే మిగతా చేతులు ఏం చేయాలి?’ అన్నాడు ఒకసారి.

తెలుగు అచ్చు ఈ విషయంలో అదృష్టవంతురాలు. బాపు గారి చేతిరాత ఉంది. వారపత్రికల బొమ్మల పక్కన ఆయన రాసిన శీర్షికల్లోంచి కంప్యూటర్ ఫాంట్లు పుట్టాయి, ఇప్పుడు ఏ శుభలేఖ చూసినా అవే. ఎవరి వేషమూ వేయని అక్షరం, ఒక మనిషి చేతి ఒడుపు. ఇటీవలి తెలుగు ఫాంట్లకు పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన, గురజాడ, గిడుగు, సురవరం అని పేర్లు పెట్టారు. సంతోషం. పిఠాపురం ఉమర్ అలీషా పేరు మాత్రం ఏ అక్షరానికీ నాకు కనబడలేదు. మరిచిపోయి ఉంటారు. మరుపు కూడా మా విషయంలో భలే పద్ధతిగా పనిచేస్తుంది.

తెలుగు అక్షరం ఉర్దూ అక్షరం నుంచి ఏదైనా తీసుకోవాలంటే చూడవలసినవి ఈ ఊళ్లోనే ఉన్నాయి. కుతుబ్‌షాహీలు ఒకే కాగితం మీద ఫార్సీలో, తెలుగులో ఫర్మానాలు ఇచ్చారు. రెండు రాతలు పక్కపక్కన, ఒకటి వాలుతూ, ఒకటి గుండ్రంగా తిరుగుతూ. ఎవరూ ఎవరి బట్టలూ తొడుక్కోలేదు. మహమ్మద్ కులీ 1590లలో కట్టించిన బాద్షాహీ ఆషుర్‌ఖానాకు వెళ్లండి. రంగు పలకల గోడల మీద ఆలం ఆకారాల్లో ఒదిగిన అక్షరాలు కనిపిస్తాయి. ఆలం అంటే మరేదో కాదు, ఊళ్లలో పీరు అంటామే అదే. పీర్ల పండుగకు దాన్ని ఎత్తుకుని గుండం చుట్టూ తిరిగేవాళ్లలో ఎన్ని కులాలవాళ్లున్నారో తెలంగాణ పల్లె తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. తెలుగు శీర్షికకు ‘ముస్లిం రూపం’ కావాలనుకున్నవాడికి ఆ ఆకారం తట్టదు. అది మరీ దగ్గరిది. దూరంగా ఉన్నది కావాలి, ఎడారి, కత్తి, ఒంటె.

నాంపల్లిలో ఒక పెయింటర్‌ను నేనెరుగుదును. 2017లో తెలంగాణ అంతటికీ ఉర్దూను రెండో అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చాక ఆఫీసు బోర్డుల పని కాస్త దొరికిందన్నాడు, అదీ ఎక్కువకాలం కాదు, ప్లాస్టిక్ షీట్లొచ్చాయి. తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ మూడూ ఒకే చదును కుంచెతో రాస్తాడు. ఉర్దూ రాసి రాసి చేతికి అలవాటైన వాలు వల్ల ఆయన తెలుగు ‘గ’, ‘ర’ ఒక పక్క లావెక్కి, ఒక పక్క సన్నబడి, కొంచెం ముందుకు నడుస్తున్నట్టుంటాయి. చంద్రుడు లేడు, కత్తి లేదు. హైదరాబాద్ తెలిసినవాడు మాత్రం చూడగానే ఇది మన పాతబస్తీ చేయి అని పోల్చుకుంటాడు. ఆయన్ను అడిగితే ‘నాకేం తెల్వద్ సాబ్, చెయ్యి అట్ల పోతది’ అంటాడు.

‘మూస’ అనే తెలుగు మాట అక్షరాలు పోతపోసే అచ్చుకూ వాడతాం, మనిషిని ఒకే తీరుగా చూసే చూపుకూ వాడతాం. ఇంగ్లీషులో ‘స్టీరియోటైప్’ కూడా ప్రెస్సులో పుట్టిన మాటే, పేజీ మొత్తాన్ని ఒకే పలకగా పోతపోయడం. పలక ఒకసారి పోశాక అందులో ఒక అక్షరం తప్పని తెలిసినా వేలు పెట్టి తీయడానికి ఉండదు.

పోయిన ఏడాది మా అక్క కూతురి నిఖా. కార్డుకోసం నేనే డీటీపీ షాపుకు తీసుకెళ్లాను. కుర్రాడు కంప్యూటర్‌లో ‘ముస్లిం మోడల్స్’ అని ఒక ఫోల్డర్ తెరిచాడు. తెలుగు వైపు వధూవరుల పేర్లు. అదే తలకట్టు కత్తి, అదే నెలవంక సున్నా, అవే చుక్కలు. ఇన్నేళ్లకు నా ప్రూఫ్ నన్ను వెతుక్కుంటూ వచ్చినట్టయింది. బాపు అక్షరంలో చూపించమన్నాను. పిల్ల చూసి, తల అడ్డంగా ఊపి, మళ్లీ ఆ ఫోల్డర్‌కే వెళ్లమంది. ఎంసీఏ చదివింది, ఉద్యోగం చేస్తోంది, నాతో వాదించగలదు. ‘మామూ, చూడగానే మనదని తెలియాలి కదా’ అంది. ఈజిప్టు, క్లీవ్‌లాండ్, జర్మనీ అన్నీ నోటిదాకా వచ్చాయి. ఆమె పెళ్లి, ఆమె కార్డు. ఊరుకున్నాను.

ఉర్దూ వైపు మాత్రం నూరీలో వద్దని పట్టుబట్టాను. చిచ్చాకు డెబ్బై ఆరేళ్లు. చేయి వణుకుతుంది. రెండు రోజులు కలం కోసుకున్నాడు, ఖత్ చప్పుడు సరిగా రావడం లేదని విసుక్కున్నాడు. మూడో రోజు జలీ కలంతో పిల్ల పేరు రాశాడు. నూన్ కడుపు ఒక చుక్క లోతు తక్కువైందని తనే వేలు పెట్టి చూపించాడు. అట్లాగే అచ్చేయించాం.

కార్డులు పంచడానికి నేనూ అక్కా కలిసి తిరిగాం. పాతబస్తీలో ఒక ఇరవై ఇళ్లు, మిగతావి మా మేనమామలు, పిన్నులు ఉండే నల్లగొండ, సూర్యాపేట వైపు. ఇంటికి వెళ్లి సలాం చెప్పి కార్డు చేతికిస్తే, తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది దాన్ని తిప్పి తెలుగు వైపే చదివారు. చిన్నపిల్లలైతే ఉర్దూ వైపును డిజైన్ అనుకున్నారు.